ఆర్లిస్ జీపు నూనె కార్చిన చలికాలం

ఆర్లిస్ గేహార్ట్ పదకొండేళ్లు బేర్‌పెన్ వాగులో తపాలా మోశాడు. వాగులో అన్నది మాట వరసకు కాదు. మా కెంటకీ కొండల్లో మొదటి రెండు మైళ్లు గట్టు మీద కంకర దారి ఉంటుంది. ఆ తర్వాత కొండలు రెండు పక్కల నుంచీ దగ్గరికొచ్చేసి దారికి చోటు మిగలదు. అక్కణ్నుంచి వాగే దారి. జీపు నీళ్లలోకి దిగి, రాళ్ల మీద ఎగిరెగిరి పడుతూ పైకి పోవాలి. అలా ముప్పై రెండు ఇళ్లు. చిట్టచివర జోనా మలిన్స్ అనే పెద్దావిడ ఇల్లు.

అతను ప్రభుత్వ ఉద్యోగి కాడు, కాంట్రాక్టు మనిషి. బండి తనది, దాని బాగోగులు తనవి. ఒప్పందంలో ఒక షరతు ఉండేది. ఏడాదిలో మూడు రోజులు తపాలా పైకి చేరకపోతే ఆ దారి ఇంకొకరికి ఇచ్చేస్తారు. వరదొస్తే ఆ రోజు లెక్కలోకి రాదు. బండి చెడిపోతే వస్తుంది. పదకొండేళ్లలో ఆర్లిస్‌కు ఒక్కరోజు కూడా తప్పలేదు. "ఒక్కరోజు కూడా" అనేవాడు, ఎవరు ఏమడిగినా. బాగున్నావా అని అడిగినా అదే జవాబు.

అప్పటికి అతనికి నలభై ఆరేళ్లు. పొడుగు మనిషి, మెడ కాస్త ముందుకు వంగి ఉండేది. పెళ్లి చేసుకోలేదు. అన్నలిద్దరూ గనిలో పోయారు. మిగిలిన వీణ్ని తల్లి కొంగున కట్టేసుకుంది. గనికి పోనివ్వలేదు, బేస్‌బాల్ ఆడనివ్వలేదు, తోటి మగపిల్లలతో ఎక్కడా కూర్చోనివ్వలేదు. ఆమె పోయి రెండేళ్లయ్యింది. అతను మాత్రం నలుగురున్న చోటికి వస్తే తలుపు దగ్గరే ఆగిపోయేవాడు, ఎవరో వెనక్కి పిలుస్తారన్నట్టు.

మా కార్బెట్ మామయ్యకు వాగు మొదట్లో బండి సామాన్ల దుకాణం ఉంది. పక్కన మరమ్మతు షెడ్డు. అమ్మకు నడుము పడిపోయిన ఏడు బడి మానేసి నేను ఆ గల్లా వెనక కూర్చున్నాను. మనుషులతో మాట్లాడటం నాకు చేత కాదు. సామాన్ల పుస్తకాలు చదువుకునేదాన్ని. ఏ ఇరుసుకు ఏ సీలు, ఏ బోల్టుకు ఏ మర అన్నవి. అక్కడ కూర్చుంటే దుకాణంలో బల్లా, షెడ్డులో బండి కింద దిగి పని చేసే గుంటా రెండూ కనిపిస్తాయి.

బల్ల అంటే మూతపడ్డ చర్చి నుంచి తెచ్చిన పొడుగాటి బల్ల. బొగ్గు పొయ్యి పక్కన వేశారు. దాని మీద ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఎవరూ రాసి పెట్టలేదు కానీ అందరికీ తెలుసు. పొయ్యి వైపు టోల్బీ తాత. మధ్యలో హార్జ్ నేపియర్. హార్జ్ మా షెడ్డులో మెకానిక్కు. చేతిలో ఎప్పుడూ చాకూ, దేవదారు ముక్కా ఉండేవి. ఏదో ఒకటి చెక్కుతూనే ఉండేవాడు. ఆ చివరన బేరాలు లేనప్పుడు మామయ్య.

ఆ బల్ల దగ్గర ఒక పద్ధతి ఉంది. కష్టం చెప్పుకున్న మనిషికి మొదట మూడు అబద్ధపు వైద్యాలు చెబుతారు. అది విన్నవాడు నవ్వి, "సరేరా దొంగల్లారా, ఇప్పుడు నిజం చెప్పండి" అనాలి. అప్పుడు నిజం చెబుతారు. చెప్పడమే కాదు, చొక్కా చేతులు పైకి మడిచి వచ్చి పని చేసి పెడతారు. అక్కడ పుట్టిన ప్రతి మగాడూ పదేళ్లొచ్చేసరికి ఇది నేర్చుకుంటాడు. ఆర్లిస్ నేర్చుకోలేదు. నేర్చుకోలేదని వాళ్లకు తట్టలేదు.

సెప్టెంబరు చివర్లో జీపును బ్రేకు పని మీద గుంట మీద పెట్టారు. ఆర్లిస్ బయట ఉత్తరాలు సర్దుకుంటున్నాడు. కింద ఉన్న హార్జ్ చేతిలో దేవదారు మేకు ఒకటి ఉంది, చిటికెన వేలి కొసంత. దాన్ని వెనక ఇరుసు పైభాగాన ఉన్న చిన్న రంధ్రంలో పెట్టి బొటనవేలితో నొక్కాడు. పైన బురద పూశాడు. తల తిప్పి చూసేసరికి నేను కనిపించాను.

"వారం రోజులే లెటమ్మా," అన్నాడు కన్ను గీటుతూ. "చూస్తూ ఉండు, మంచి తమాషా."

ఆ రంధ్రం ఇరుసు ఊపిరి పీల్చుకునే దారి. ఇరుసు నడుమ గుమ్మడికాయలా ఉబ్బి ఉండే డిఫరెన్షియల్‌లో పళ్లచక్రాలు నూనెలో తిరుగుతాయి. తిరిగితే వేడి, వేడికి లోపలి గాలి ఉబ్బుతుంది. అది ఆ రంధ్రం గుండా బయటికి పోవాలి. రంధ్రం మూస్తే గాలి నూనెను నెట్టుకుంటూ, నూనె కారకుండా ఆపే రబ్బరు సీలు పక్కనుంచీ మూత అంచుల నుంచీ బయటపడుతుంది. ఎన్ని సీళ్లు మార్చినా కారుతుంది. చూసేవాడికి సీలు పాడయినట్టే ఉంటుంది.

నాలుగో రోజున ఆర్లిస్ వచ్చాడు. తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"హార్జ్, వెనక ఇరుసు కారుతోంది. చుక్కలు కాదు, ధార."

"అయ్యో," అన్నాడు హార్జ్. చర్చిలో పాస్టరు మొహం కూడా అంత గంభీరంగా ఉండదు. "వయసయిపోయింది దానికి. తాతా, నువ్వేమంటావ్?"

టోల్బీ తాత పొగాకు ముక్క ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చుకున్నాడు. "సబ్బు. ఒంటికి రుద్దుకునే సబ్బు తడిపి మూత చుట్టూ గట్టిగా పట్టించు. మా నాన్న అట్టాగే చేసేవాడు."

"మీ నాన్నకి బండెక్కడిది తాతా, గాడిద కదా?" అన్నాడు మామయ్య.

"గాడిద కారలేదా మరి?"

అందరూ నవ్వారు. ఆర్లిస్ నవ్వలేదు. జేబులోంచి కాగితం తీసి రాసుకున్నాడు.

"ఇట్రావయ్యా, అక్కడ నిలబడ్డావేం?" హార్జ్ పక్కకు జరిగాడు. బల్ల మీద రెండు జానల చోటు ఏర్పడింది. "కూర్చో. పూర్తిగా చెప్పు. ఎక్కడ మొదలైంది, ఎట్టా మొదలైంది?"

ఆర్లిస్ కూర్చున్నాడు. మొట్టమొదటిసారి.

సబ్బు రెండు రోజులు ఆగింది. మూడో రోజు వాగు దాటుతుంటే జీపు వెనక నురగ లేచిందట. నీళ్లు తోడుకుంటున్న మలిన్స్ వాళ్ల కోడలు చూసి బకెట్టు వదిలేసి ఇంట్లోకి పరిగెత్తిందట. ఇదంతా ఆర్లిస్ బల్ల మీద కూర్చుని చేతులు తిప్పుతూ చెప్పాడు. నురగ ఎట్టా పొంగిందో చూపించాడు. ఆ కోడలు ఎట్టా పరిగెత్తిందో లేచి నిలబడి చూపించాడు. హార్జ్ కళ్ల నీళ్లు తుడుచుకున్నాడు. టోల్బీ తాతకు దగ్గొచ్చింది. ఆర్లిస్ కథ చెప్పగలడని మాకు ఎవరికీ తెలియదు. బహుశా అతనికీ తెలియదు. నలభై ఆరేళ్లలో ఎవరూ చెప్పమనలేదు.

అందుకే వారం గడిచినా మేకు బయటికి రాలేదు.

తర్వాత మొక్కజొన్న అటుకుల డబ్బా అట్ట. దాన్ని మూత ఆకారానికి కత్తిరించి, అవిసె నూనెలో నానబెట్టి ప్యాకింగ్‌గా వేయమన్నారు. అది నిజానికి మంచి వైద్యమే, మా దగ్గర చాలామంది చేస్తారు. ఆర్లిస్‌కు కత్తెర తిన్నగా రాకపోతే నేనే కత్తిరించి ఇచ్చాను. పది బోల్టు రంధ్రాలూ లెక్కపెట్టి చేశాను. దేని కోసం చేస్తున్నానో తెలిసే చేశాను. ఆ తర్వాత పాత బూటు నాలుకతో సీలు. ఆ తర్వాత నూనెలో కాసింత బ్రేకు ఫ్లూయిడు, సీలు రబ్బరు ఉబ్బుతుందని. రబ్బరు ఉబ్బింది. పది రోజులకు జావ అయిపోయింది. ఆ తర్వాత రంపపు పొట్టు.

"ఓక్ పొట్టా, పైన్ పొట్టా?" అని అడిగాడు ఆర్లిస్, పెన్సిలు పట్టుకుని.

"అది చాలా పెద్ద ప్రశ్నరా," అన్నాడు టోల్బీ తాత. బల్ల మీద అరగంట దాని మీదే చర్చ నడిచింది. నేను సామాన్ల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నాను. నాకూ నవ్వాగలేదు. అది కూడా రాయాలి.

ఆర్లిస్ ప్రతి శనివారం గేర్ ఆయిల్ డబ్బాలు కొనుక్కుపోయేవాడు. మొదట ఒకటి, తర్వాత మూడు. బల్ల మీద అతని చోటు అలాగే ఉండేది. అతను రాకముందే ఎవరో కాఫీ పోసి ఉంచేవారు. "ఇంకా రాలేదేం మన పోస్టుమాన్?" అని గడియారం చూసేవారు. చొక్కా ఇస్త్రీ చేసుకుని రావడం మొదలుపెట్టాడు.

నవంబరులో ఒక మంగళవారం ఇరుసులో నూనె పూర్తిగా కారిపోయింది. పళ్లచక్రాలు ఎండిపోయి కుక్కలా ఏడుస్తుంటే నాలుగో మలుపు దగ్గర ఆపేశాడు. ఆ రోజు తపాలా పైకి పోలేదు. పదకొండేళ్లలో మొదటిసారి. కింద పోస్టాఫీసు వాళ్లు హెచ్చరిక కాగితం ఇచ్చారు. దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని వచ్చాడు. ఆ రోజు కథ సరిగా చెప్పలేకపోయాడు. మధ్యలో ఆగిపోయాడు.

అతను వెళ్లాక మామయ్య అన్నాడు, "ఇక చాలురా హార్జ్. చెప్పెయ్. వాడి బతుకు అది."

"నేనొద్దన్నానా? కనుక్కుంటాడనుకున్నా. ఎవడైనా కనుక్కుంటాడు. కింద దూరి చెయ్యి పెడితే తగుల్తుంది."

"కనుక్కోడు వాడు."

"నెలాఖరున థాంక్స్‌గివింగ్ పండగ రానీ. ఆ రోజు అందరి ముందూ తీసి చేతిలో పెడదాం. వాడూ నవ్వుతాడు."

థాంక్స్‌గివింగ్ పోయింది. హార్జ్ వేటకు పోయాడు. క్రిస్మస్ అన్నాడు టోల్బీ తాత, పండగ పూట బాగుంటుందని. క్రిస్మస్‌కు ఆర్లిస్ బల్ల మీద వాళ్లందరికీ తలా ఒక సీసా జొన్న పాకం తెచ్చి ఇచ్చాడు. తల్లి ఉన్నప్పటి సీసాలు, మూతకు గుడ్డ కట్టి ఉంది. అది తీసుకున్న చేత్తో మేకు సంగతి చెప్పడం ఎవరికీ బాగా అనిపించలేదు. ఆ పాకం వాళ్లంతా తిన్నారు. బాగుందన్నారు.

జనవరిలో రెండోసారి తప్పింది. ఈసారి నూనె కారిపోవడం కాదు, నీళ్లు లోపలికి పోయాయి. వేడెక్కిన ఇరుసు చల్లటి వాగులోకి దిగితే లోపలి గాలి ముడుచుకుంటుంది. ఊపిరి దారి లేదు కాబట్టి ఆ చితికిన సీలు గుండా వాగు నీళ్లను పీల్చుకుంది. మూత విప్పితే నూనె పాలు పోసిన కాఫీలా ఉందని ఆర్లిస్ వచ్చి చెప్పాడు.

"నూనె పోసే బిరడా తిప్పగానే ఉస్సుమని అరిచింది, హార్జ్. పాము బుస కొట్టినట్టు. వెనక్కి పడ్డాను."

"దెయ్యం పట్టిందేమో దానికి," అన్నాడు హార్జ్. కానీ ఆ మాటకు ముందు ఒక క్షణం ఆగాడు. ఆ ఉస్సు ఏమిటో బల్ల మీద అందరికీ తెలుసు. అప్పుడు చెప్పి ఉండాల్సింది. టోల్బీ తాత నవ్వేశాడు. నవ్వేశాక ఇక చెప్పడానికి లేదు.

రెండు తప్పాయి. ఇంకొక్కటి మిగిలింది.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ఆర్లిస్ డబ్బాల కోసం వచ్చాడు. బల్ల ఖాళీగా ఉంది. అందరూ ఎవరిదో అంత్యక్రియలకు పోయారు. నేను డబ్బాలు గల్లా మీద పెట్టాను. చేతులు తియ్యలేదు.

"బాబాయ్," అన్నాను. "సీలు కాదు. ఇరుసు పైన గాలి రంధ్రం ఉంది. అది మూసి ఉంది."

"బురదతోనా?"

"మేకు."

అతను నన్ను చూశాడు. "ఎవరు?"

నేను షెడ్డు వైపు చూశాను. అతను బయటికి వెళ్లి, మంచు మీద వెల్లకిలా పడుకుని జీపు కింద దూరాడు. పటకారుతో లాగిన చప్పుడు, ఆ వెంటనే గాలి పోయిన చప్పుడు వినిపించాయి. తిరిగొచ్చి మేకును గల్లా మీద పెట్టాడు. వాసన చూశాడు.

"దేవదారు," అన్నాడు. "ఎంత నున్నగా చెక్కాడో చూడు. హార్జ్ పనితనం." ఆ మాటలో మెచ్చుకోలు ఉంది, అది నేను కల్పించుకోవడం లేదు. "మీ మామకి తెలుసా?"

"తెలుసు."

"తాతకి?"

"అందరికీ తెలుసు."

"నువ్వు అట్ట కత్తిరించి ఇచ్చావ్."

"ఇచ్చాను."

"మంచి అట్ట అది లెటమ్మా. రంధ్రాలన్నీ సరిగ్గా కుదిరాయి." డబ్బాలు తీసుకుని వెళ్లిపోయాడు. మేకు కూడా తీసుకుపోయాడు.

ఇరుసు కడిగి, కొత్త సీలు వేసి, కొత్త నూనె పోసుకున్నాడు. కారడం ఆగిపోయింది. ఆ శనివారం ఇస్త్రీ చొక్కాతో వచ్చి తన చోట కూర్చున్నాడు. బల్లంతా అతని వైపు తిరిగింది.

"ఏమయ్యా, ఈ వారం ఏం చేసింది నీ ముసలిది?"

"కారట్లేదు," అన్నాడు ఆర్లిస్.

"అస్సలా?"

"ఒక్క చుక్క కూడా."

హార్జ్ మామయ్యను చూశాడు, మామయ్య పొయ్యిని చూశాడు. మేకు దానంతటదే ఊడిపోయిందనుకున్నారు. "అయితే మంచిదే," అన్నాడు టోల్బీ తాత, ఎవరో పోయారన్నట్టు. కాసేపటికి వేటకుక్కల సంగతి మొదలైంది. ఆర్లిస్‌కు కుక్క లేదు.

ఆర్లిస్ వాళ్ల కోసమే ఎదురుచూస్తున్నాడని నాకు అర్థమైంది. మేకు సంగతి వాళ్లే ఎత్తుతారని, ఆటపట్టించామని చెప్పి భుజం మీద చరుస్తారని. జేబులో చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. మేకు అందులోనే ఉందని నా అనుమానం. వాళ్లు ఎత్తలేదు. ఎత్తడానికి అందులో ఇక తమాషా ఏం మిగిలింది?

మరుసటి శనివారం అతను జోనా మలిన్స్ కోడిపుంజు తన టోపీ ఎత్తుకుపోయిన కథ మొదలుపెట్టాడు. పుంజులా మెడ సాచి చూపించాడు. సగంలో ఉండగా హార్జ్ లేచి షెడ్డులోకి పోయాడు. టోల్బీ తాత "ఊఁ" అన్నాడు. ఆ పై శనివారం ఆర్లిస్ వచ్చేసరికి అతని చోట హార్జ్ కోటు పడి ఉంది. ఎవరూ తియ్యలేదు. కావాలని కాదు. ఎవరికీ గుర్తు రాలేదు, అంతే. ఆర్లిస్ తలుపు దగ్గర నిలబడ్డాడు. కాసేపటికి నా దగ్గర పల్లీల పొట్లం, కోలా సీసా కొనుక్కున్నాడు. మా వైపు అందరూ చేసినట్టే పల్లీలు సీసాలో పోసుకుని తాగుతూ బయటికి వెళ్లిపోయాడు.

మార్చి మూడో వారంలో తలుపు దభాలున తెరుచుకుంది.

"మళ్లీ మొదలైంది!" అన్నాడు ఆర్లిస్.

బల్ల మీద ఒక్కసారి ప్రాణం లేచొచ్చింది. హార్జ్ తన కోటు లాగి కింద పడేశాడు. "రావయ్యా, రా! ఎంత కారుతోంది?"

"పోయినసారి కంటే ఎక్కువ. ఈ ఉదయం మా గుమ్మం ముందు నూనె మడుగు కట్టింది. దాంట్లో ఉడుత కాలు జారి పడింది."

"ఉడుతా!"

"లేచి నన్ను తిట్టింది కూడా."

ఆ నవ్వు షెడ్డు దాకా వినిపించి ఉంటుంది. ఆర్లిస్ వెళ్లాక మామయ్య హార్జ్ మీద మండిపడ్డాడు. "ఇంకొక్క రోజు తప్పితే వాడి దారి పోతుంది. మళ్లీ ఎందుకు పెట్టావ్?"

"నేను పెట్టలేదు. మా అమ్మ మీద ఒట్టు. తాతే పెట్టి ఉంటాడు."

"నేను కింద దూరితే మీరు నలుగురు కలిసి లాగాలి నన్ను," అన్నాడు టోల్బీ తాత.

ఎవరికి వారు పక్కవాడే అనుకున్నారు. నేను హార్జే అనుకున్నాను. ఆర్లిస్‌కు ఎక్కడ చూడాలో తెలుసు కదా, ఇంటికెళ్లి తీసేసుకుంటాడులే అనుకున్నాను. కానీ ప్రతి శనివారం అతను కొత్త వైద్యం అడిగేవాడు. రాసుకునేవాడు. ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. చివరికి వాళ్లు నూనె తీసేసి, గ్రీజూ రంపపు పొట్టూ జొన్న పాకంతో కలిపి ముద్ద చేసి నింపమన్నారు. చిక్కగా ఉంటే కారదు కదా. ఆర్లిస్ బుద్ధిగా తల ఊపాడు.

ఏప్రిల్ పదకొండున కింద పోస్టాఫీసుకు జోనా మలిన్స్ పేరున రంధ్రాల డబ్బా ఒకటి వచ్చింది. అందులో ఇరవై అయిదు కోడిపిల్లలు. మా వైపు కోడిపిల్లలు తపాలాలోనే వస్తాయి. పుట్టిన రోజే పంపితే రెండు రోజులు తిండి లేకపోయినా బతుకుతాయి, చలి తగలకూడదు అంతే. ఆ రోజు వాన. వాగు ఎక్కుతోంది కానీ వరద అనేంత లేదు. ఆర్లిస్ డబ్బాను తన పక్క సీటులో పెట్టుకుని బయలుదేరాడు.

అయిదో మలుపులో, నడి నీళ్లలో, ఇరుసు బిగుసుకుపోయింది. తర్వాతి సంగతి జోనా మలిన్స్ దుకాణానికొచ్చి చెప్పింది. ఆర్లిస్ ఉత్తరాల సంచి ఒక భుజాన, డబ్బా కోటు లోపల పెట్టుకుని రెండు మైళ్లు నడిచాడు. అట్టడబ్బా తడిసి అడుగు ఊడిపోయింది. పిల్లల్ని ఏరి చొక్కాలోకి, జేబుల్లోకి, టోపీలోకి వేసుకున్నాడు. అతను ఆమె ఇంటి వసారా ఎక్కేసరికి చీకటి పడబోతోంది. ఒక్కొక్క జేబూ తిరగేశాడు. మూడు బతికి ఉన్నాయి. సంచిలో ఉత్తరాలు పిండితే నీళ్లొచ్చాయి.

"ఏమన్నావ్ పిన్నీ అతన్ని?" అని మామయ్య అడిగాడు.

"ఏమంటాను? ఆ మూడు కూడా నువ్వే తీసుకుపో, చావడం చూసే ఓపిక నాకు లేదన్నాను. పోస్టాఫీసుకు కబురు పెట్టాను. నా గుండె మాత్రలు కూడా ఆ సంచిలోనే కరిగిపోయాయి. నేనెందుకు ఊరుకోవాలి?"

ఊరుకోలేదు. తడిసి పాడైన తపాలా చేరినట్టు కాదని, అది మూడో తప్పుగా లెక్కగట్టి పై వారం దారి పట్నం మనిషికి ఇచ్చారు. అతనికి కొత్త ట్రక్కు ఉంది. కంకర దారి చివర పెట్టెలు పాతి అక్కడే ఉత్తరాలు పడేసి పోతున్నాడు. పైవాళ్లు దిగొచ్చి తీసుకోవాలి. జోనా మలిన్స్ కూడా.

జీపును ట్రాక్టరుతో లాక్కొచ్చి గుంట మీద పెట్టారు. ఆ వారమంతా హార్జ్ సరిగా తినలేదు. చాకు ముట్టుకోలేదు. మూత విప్పితే నల్లటి ముద్ద జారి పడింది, అందులో విరిగిన పళ్లు. అప్పుడు హార్జ్ ఇరుసు పైకి చెయ్యి పోనిచ్చి మేకును లాగాడు. వెలుగులో పట్టుకున్నాడు.

పెన్సిలు ముక్క అది. ఉత్తరాల మీద గుర్తులు పెట్టే ఊదారంగు పెన్సిలు. కొసను చాకుతో సన్నగా చెక్కారు, అంత నున్నగా కాదు. తడికి హార్జ్ వేళ్లు ఊదాగా మారాయి.

గుంట చుట్టూ నిలబడ్డ వాళ్లంతా దాన్ని చూడ్డానికి ముందుకు వంగారు.

"ఇది నాది కాదు," అన్నాడు హార్జ్. తర్వాత గొంతు పెరిగింది. "చూశారా? నాది కాదు! వాడే పెట్టుకున్నాడు! మనమెవరం కాదు!"

"పిచ్చోడు," అన్నాడు మామయ్య. ఊపిరి గట్టిగా వదిలాడు.

"ఎవడైనా తన బండికి తనే..." టోల్బీ తాత పూర్తి చెయ్యకుండానే నవ్వాడు. ఆ నవ్వు అందరికీ అంటుకుంది. బరువేదో దింపుకున్నట్టు నవ్వారు. ఆ మధ్యాహ్నం హార్జ్ రెండు బొలోనా మాంసం శాండ్‌విచ్‌లు తిని, నా తిండి డబ్బాలోంచి ఇంకొకటి అడిగి తీసుకున్నాడు. నేనిచ్చాను. మేకు సంగతి ఆర్లిస్‌కు ఫిబ్రవరిలోనే చెప్పానని నేను వాళ్లతో అనలేదు. అంటే వాళ్లకు ఇంకా తేలికయ్యేది.

ఆర్లిస్ ఇప్పుడు రోజూ నాలుగు మైళ్లు నడిచి వస్తాడు. చేసే పని లేదు. బల్ల మీద చోటు మాత్రం అతనిదే. ఎవరైనా కొత్తవాడొస్తే, "ఆర్లిస్, కోడిపిల్లల కథ చెప్పు" అంటారు. అతను జేబులు తిరగేసి చూపిస్తాడు. పిల్లలు మొదట ఎట్టా కీచుమన్నాయో, రాను రాను ఆ చప్పుడు ఎట్టా తగ్గిందో గొంతుతో చేసి చూపిస్తాడు. జనం కడుపు పట్టుకుని నవ్వుతారు. మేకు దగ్గరికొచ్చేసరికి, "ఎవరో పెట్టారు మరి" అంటాడు. బల్ల మీద వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. పెన్సిలు సంగతి వాళ్లకు తెలుసని ఇంతవరకూ ఎవరూ అతనితో చెప్పలేదు. అదొక కొత్త తమాషా.

పోయిన అక్టోబరులో వాగు పైన బడికి కొత్తగా వచ్చిన టీచరమ్మ దుకాణానికొచ్చింది. ఆమెదీ పాత జీపే. వాన మొదలయ్యేలా ఉంది.

"వెనక ఇరుసు కారుతోందండీ. నీళ్లు పెరిగేలోగా పైకి పోవాలి. ఇంట్లో పాప ఒక్కతే ఉంది. ఇప్పటికి ఏదైనా చేస్తే ఆగుతుందా?"

హార్జ్ నోరు తెరిచాడు. ఆర్లిస్ అతని మోకాలి మీద చెయ్యి వేసి ఆపాడు. ముందుకు వంగి, పాస్టరంత గంభీరంగా అన్నాడు: "ఉల్లిపాయలమ్మా. మూడు పెద్ద ఉల్లిపాయలు తురిమి లోపల వెయ్యి. తెల్లవి కాదు, ఎర్రవి."

బల్ల ఊపిరి బిగబట్టింది. హార్జ్ మొహం కందగడ్డలా అయిపోయింది. టీచరమ్మ సంచిలోంచి కాగితం తీసింది.

నేను గల్లా వెనక నుంచి బయటికొచ్చాను. "ఉల్లిపాయలొద్దమ్మా," అన్నాను. "ఇరుసు పైన చిన్న గాలి రంధ్రం ఉంటుంది. తరచుగా బురదతో మూసుకుపోతుంది. తీగతో పొడిస్తే చాలు. రండి, నేను చూపిస్తాను."

నవ్వు రాలేదు. బల్ల మీద అందరూ నన్నే చూస్తున్నారు. అందరిలోకీ ఆర్లిస్ చూపు గట్టిగా ఉంది. అతనికి చేతికందిన నవ్వును నేను లాక్కున్నాను.

"నిన్నెవరడిగారు లెటమ్మా?" అన్నాడు.

గోడ మేకుకు వేలాడుతున్న తీగ తీసుకుని టీచరమ్మ వెంట వానలోకి వెళ్లాను.